పతకం అంచు మీద పేరు

పాత మిలిటరీ పతకం ఒకటి ఎవరి చేతికైనా ఇచ్చి చూడండి. ముందు రాజుగారి బొమ్మ చూస్తారు. తర్వాత వెనక్కి తిప్పి అక్కడేముందో చూస్తారు. అరచేతిలో పెట్టి బరువు అంచనా వేసి "వెండేనా?" అంటారు. వెండే అని తెలిశాక "ఎంతొస్తుందేం?" అనే ప్రశ్న వస్తుంది. అంచు మాత్రం ఎవరూ చూడరు. అసలు కథంతా ఉండేది అక్కడే.

నేను కొన్నేళ్ళుగా ఈ పతకాల వెంట పడుతున్నాను. పగలంతా లాగ్ ఫైళ్ళు చదివేవాడికి సాయంత్రం కూడా అలాంటి అక్షరాలే చదవాలనిపించడం ఒక రోగమేమో తెలీదు :) మిలిటరీ వస్తువులంటే టోపీలు, బ్యాడ్జీలు, కత్తులు, బొత్తాలు, ఇంకా చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు. బ్యాడ్జీకి అచ్చు దొరికితే కొత్తవి ఎన్నైనా కొట్టుకోవచ్చు. బొత్తం ఎవరి చొక్కాదో బొత్తం చెప్పదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన సిపాయిలకిచ్చిన పతకాలు అలా కాదు. చాలావాటి అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం ఉంటాయి. అంటే వస్తువుతోపాటే దాని మెటాడేటా కూడా లోహంలోనే చెక్కి ఇచ్చారన్నమాట. ఆ నాలుగు ముక్కలు ఎలా చదవాలి, దొంగదాన్ని ఎలా పట్టుకోవాలి, ధర ఎందుకు పెరుగుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా దాన్ని కరిగిస్తే ఏం పోతుంది, ఇవీ ఇవాళ చెప్పదలుచుకున్నవి.

ముందు కాస్త చరిత్ర. సైనికుడికి పతకం ఇవ్వడమనేది ఎప్పటినుంచో ఉందనుకుంటాం గానీ, మామూలు సిపాయికి ఇవ్వడం అంత పాతదేం కాదు. ఈ విషయంలో ఈస్టిండియా కంపెనీ బ్రిటిష్ ప్రభుత్వం కన్నా ముందుంది. 1778 నుంచి 1784 దాకా పశ్చిమ భారతంలో, గుజరాత్‌లో పోరాడిన బెంగాల్ సిపాయిలకి కంపెనీ దక్కన్ పతకం ఇచ్చింది. బంగారంతోనూ చేశారు, వెండితోనూ చేశారు. బ్రిటన్ తన సొంత సైనికులందరికీ, హోదాతో నిమిత్తం లేకుండా, ఒకేరకం పతకం ఇచ్చింది 1815 వాటర్లూ యుద్ధానికే. అంచు మీద యంత్రంతో పేరు కొట్టడం కూడా దానితోనే మొదలైంది.

ఈ మధ్యలో 1799 ఉంది. శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు చనిపోయిన సంవత్సరం. ఆ యుద్ధంలో నిజాం సైన్యం కూడా కంపెనీ పక్షాన వెళ్ళింది. దానికి నాయకుడు మీర్ ఆలం. హైదరాబాదులో మీర్ ఆలం ట్యాంకు పక్కనుంచి వెళ్ళేవాళ్ళు ఈసారి గుర్తు చేసుకోండి. ఆ విజయానికి కంపెనీ వేయించిన పతకం మీద ఒకవైపు సింహం పులిని అణగదొక్కుతూ ఉంటుంది. సింహం ఎవరో, పులి ఎవరో చెప్పక్కర్లేదు. రెండోవైపు కోట గోడ మీద దాడి దృశ్యం ఉంటుంది. బొమ్మ అందరికీ ఒకటే, లోహమే వేరు. జనరళ్ళకి బంగారం, వాళ్ళ కింది పెద్ద అధికారులకి బంగారు పూత వేసిన వెండి, కింది అధికారులకి ఉత్త వెండి, హవల్దారు స్థాయి వాళ్ళకి కంచు, మామూలు సిపాయికి తగరం. ఒకే రోజు ఒకే గోడ ఎక్కినవాళ్ళని అయిదు లోహాలుగా విడగొట్టారు. పేర్లు మాత్రం కొట్టలేదు. అందుకే ఇవాళ ఒక తగరపు శ్రీరంగపట్నం పతకం దొరికితే అది ఒక సంఘటనకి గుర్తు అవుతుంది గానీ, ఒక మనిషికి గుర్తు కాలేదు.

అన్నట్టు ఉత్తరాదిలో ఒకప్పుడు సిపాయిని "తిలంగా" అనేవారు. 1757 ప్లాసీ యుద్ధానికి ముందు క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిలని అక్కడివాళ్ళు తెలింగీలన్నారు. అదే పేరు సిపాయిలందరికీ స్థిరపడిపోయింది. అంటే సిపాయి అనే మాటకి మన భాష పేరే పర్యాయపదమైన రోజులున్నాయి. తర్వాత తర్వాత "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం ఒకటి పట్టుకుని దక్షిణాది వాళ్ళు పోరాటానికి పనికిరారని బ్రిటిష్ వాళ్ళే తేల్చేశారు. ఆ తేల్చడం పతకాల అంచుల మీద కూడా కనబడుతుంది. దాని సంగతి కాసేపట్లో.

ఎక్కువగా దొరికేవి మొదటి ప్రపంచయుద్ధం పతకాలు. ఆ యుద్ధంలో భారతదేశం నుంచి సుమారు 13 లక్షల మంది పనిచేశారు, 74 వేల మంది పైగా తిరిగి రాలేదు. మామూలుగా ఒక మనిషికి రెండో మూడో పతకాలు వచ్చేవి. ఒకటి కంచు నక్షత్రం. 1914 ఆగస్టు 5 నుంచి నవంబర్ 22 లోపు ఫ్రాన్స్, బెల్జియంలలో పనిచేసినవాళ్ళకి 1914 స్టార్, మిగతా రంగాల్లోనూ ఆ తర్వాతా 1915 చివరిదాకా వెళ్ళినవాళ్ళకి 1914-15 స్టార్. మన లాహోర్, మీరట్ డివిజన్లు 1914 సెప్టెంబర్ చివరినుంచి ఒకదాని తర్వాత ఒకటి మార్సెయ్‌లో దిగి అక్టోబర్ చివరికల్లా కందకాల్లో ఉన్నాయి కాబట్టి మొదటి రకం మనవాళ్ళకీ వచ్చింది. రెండోది బ్రిటిష్ వార్ మెడల్, 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ళ. వెనకవైపు గుర్రం మీద నగ్నంగా ఉన్న రౌతు, గుర్రం కాళ్ళ కింద డేగ బొమ్మ ఉన్న డాలు, పుర్రె. మూడోది విక్టరీ మెడల్. రెక్కల దేవత ఉన్న పసుపు కంచు, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బను. ఇంగ్లండులో ఈ మూడింటినీ కలిపి పిప్, స్క్వీక్, విల్‌ఫ్రెడ్ అని పిలుస్తారు. అవి అప్పటి ఒక పేపర్లో వచ్చిన కార్టూను పాత్రల పేర్లు.

వెండి వార్ మెడల్ దాదాపు 65 లక్షలు ఇచ్చారు. ఇదే పతకం కంచులో కూడా ఉంది, సుమారు 1,10,000 మాత్రమే. ఎవరికిచ్చారు? చైనా, మాల్టా, భారతదేశాల నుంచి కూలి దళాల్లోకి తీసుకెళ్ళిన వాళ్ళకి. తుపాకీ పట్టినవాడికి వెండి, గడ్డపార పట్టినవాడికి కంచు. శ్రీరంగపట్నం నాటి లెక్క 120 ఏళ్ళ తర్వాత కూడా పోలేదు. తమాషా ఏమిటంటే ఇవాళ సేకరించేవాళ్ళు వెండిదాని కన్నా కంచుదానికే ఎక్కువిస్తారు. తక్కువ ఇచ్చారు కాబట్టి తక్కువ దొరుకుతుంది. అప్పటి చిన్నచూపు ఇప్పటి ధర అయింది.

ఇప్పుడు అంచుకొద్దాం. మామూలుగా ముందు నంబరు, తర్వాత సిపాయి, నాయక్, హవల్దార్, సవార్, సాపర్ లాంటి హోదా, తర్వాత పేరు, చివర పటాలం పొట్టిపేరు.

మొదటి చిక్కు నంబరుతోనే. మనవాళ్ళు చాలామంది చేసే పని, ఆ నంబరు ఒక్కటే పట్టుకుని వెతకడం. అది యూనిక్ కాదండీ. ప్రతి పటాలం తన నంబర్లు తానే వేసుకునేది. 2187 నంబరు సిపాయి పది పటాలాల్లో పదిమంది ఉండొచ్చు. బ్రిటిష్ ఆర్మీలో కూడా సైన్యమంతటికీ కలిపి నంబర్లు వచ్చింది 1920లోనే. కాబట్టి ఇది కాంపోజిట్ కీ. నంబరు, పటాలం రెండూ కలిస్తేనే మనిషి. పటాలం పేరు అరిగిపోయిన పతకం విలువ ఒక్కసారిగా పడిపోవడానికి కారణం ఇదే, సగం కీ పోయినట్టు.

రెండో చిక్కు పేరు. ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు ఉండదు, ఊరు ఉండదు. ఒక్క ముక్క పేరు, అదీ గుమాస్తాగారి చెవికి ఎలా వినబడితే అలా. ఒకే వెంకటస్వామిని ఇంగ్లీషులో అయిదారు రకాలుగా రాశారు. కాబట్టి వెతికేటప్పుడు మనం రాసే స్పెల్లింగుతో వెతికితే దొరకదు. పాత మద్రాసు స్పెల్లింగుల్లో ఆలోచించాలి. వ, బ, స, శ, చివరి దీర్ఘాలు, ఇవన్నీ మార్చి మార్చి చూడాలి. మన పేర్ల మీద పనిచేసే సెర్చి ఎవరు రాసినా ముందు ఈ పతకాల మీద టెస్టు చేసుకోవాలని నా సలహా.

మూడోది పటాలం. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 1903లో కిచెనర్ సైన్యం మొత్తాన్ని కలిపి కొత్త నంబర్లు వేశాడు. మద్రాసు పదాతి దళాల పాత నంబరుకి 60 కలిపారు. ఒకటో మద్రాసు పయనీర్లు 61 అయ్యారు. అలా 61 నుంచి 93 దాకా ఉన్న నంబర్లు పాత మద్రాసు వరస. సరే, 73 కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ, 88 కర్ణాటిక్ ఇన్‌ఫంట్రీ అంటే దక్షిణాది వాళ్ళే. మరి అదే వరసలో 62 పంజాబీస్, 66 పంజాబీస్, 76 పంజాబీస్ ఏమిటి? ఇవి కూడా మద్రాసు పటాలాలే. ఇందాక చెప్పిన యుద్ధ జాతుల సిద్ధాంతం పుణ్యమా అని పాత మనుషుల్ని పంపించేసి, పంజాబీలని నింపి, పేరు మార్చారు. వంశవృక్షం 18వ శతాబ్దపు మద్రాసుది, లోపలున్న మనిషి పంజాబువాడు. రిపాజిటరీ పాతదే, హిస్టరీ కూడా అలాగే ఉంది, కమిట్ చేసేవాళ్ళు మాత్రం అందరూ మారిపోయారు. ఆ 66, 76 పంజాబీస్ మెసపొటేమియా వెళ్ళి కుట్ ముట్టడిలో చిక్కుకున్నారు. 1916 ఏప్రిల్ 29న లొంగిపోయిన సుమారు 13 వేల మందిలో వాళ్ళూ ఉన్నారు. నంబరు చూసి "మన మద్రాసువాళ్ళే" అనుకుంటే చరిత్ర తప్పుతుంది.

మన పేరు వినబడితే చాలు మనవాళ్ళే అనుకోవడం ఇంకో రకం. 20వ దక్కన్ హార్స్ అనే ఆశ్విక దళం ఉంది. నిజాం రాజ్యంలో ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ నుంచి వచ్చింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర గుర్రాల మీద దాడి చేసింది ఈ పటాలమే. పేరు దక్కనే గానీ అందులో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు ఉండేవారు. అలాగే కంటింజెంట్ పదాతి దళాలు 1903లో 94 నుంచి 99 దాకా నంబర్లయి, 1922 తర్వాత 19వ హైదరాబాద్ రెజిమెంట్ కిందికి వచ్చాయి. ఆ రెజిమెంటు పేరు 1945లో మార్చారు. కొత్త పేరు కుమావూ రెజిమెంట్. అవును, ఉత్తరాఖండ్ కొండల్లో ఉండే ఆ కుమావూనే. కాబట్టి "హైదరాబాద్" అని అంచు మీద ఉన్న పతకం ఒకటి అల్మోరా జిల్లా వాడిదై ఉండటానికి బోలెడు అవకాశం ఉంది.

సరే, దొంగవాటి సంగతి. ఇక్కడ మన ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాపు పనికొస్తుంది. వెర్నియర్ కాలిపర్, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాము తేడా చూపే తక్కెడ, ఈ మూడూ చాలు.

అసలు పతకం పోతపోసింది కాదు, ఉక్కు అచ్చుల మధ్య పెట్టి కొట్టింది. దొంగపతకం చేసేవాడు చాలాసార్లు అసలుదాన్నుంచి మూస తీసి పోత పోస్తాడు. కరిగిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కదా. అందుకే పోతపోసింది అసలుదాని కన్నా కాస్త చిన్నదిగా వస్తుంది. భూతద్దంలో చూస్తే రాజుగారి గడ్డం వెంట్రుకలు మైనం రాసినట్టు మెత్తగా ఉంటాయి, అక్కడక్కడా సన్నని గుంటలుంటాయి. యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఇంటికి పంపిన కంచు ఫలకం విషయంలో ఇది మరీ ఉపయోగం. దాని వ్యాసం 120 మిల్లీమీటర్లు. మొత్తం 13 లక్షల పైచిలుకు చేశారు. చావులో అందరూ సమానమని చెప్పడానికి ఫలకం మీద పేరు మాత్రమే వేశారు, హోదా వెయ్యలేదు. అది అసలే పోత కాబట్టి అచ్చు పరీక్ష పనికిరాదు, కొలతే సాక్ష్యం. పోతనుంచి మళ్ళీ పోత తీస్తే కొలత తగ్గక తప్పదు.

రెండో రకం మోసం అంచు గీకి కొత్త పేరు వెయ్యడం. పతకం అసలుదే, పేరే దొంగది. మామూలు సిపాయి పేరు చెరిపి ఎవరో ప్రసిద్ధుడి పేరు చెక్కుతారు. చెరపాలంటే లోహం అరగదియ్యాలి. కాలిపర్‌తో నాలుగైదు చోట్ల వ్యాసం కొలవండి. అన్నిచోట్లా 36 ఉండాల్సింది ఒకచోట తగ్గితే అనుమానించాల్సిందే. అక్షరాల తీరు కూడా చూడాలి. మొదటి యుద్ధం పతకాల మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పంచ్‌తో కొట్టినవి. చేత్తో చెక్కిన అక్షరాలుంటే జాగ్రత్త పడాలి. అయితే ఇదే సూత్రం విక్టోరియా కాలానికి వర్తించదు. ఆ కాలంలో భారత పటాలాల పతకాల మీద గొలుసుకట్టు రాతతో చెక్కించడం మామూలే. కాలం తెలియకుండా సూత్రం వాడితే అసలుదాన్ని దొంగదనేస్తాం.

మూడోది పతకం మీది పట్టీలు, అంటే ఏ యుద్ధంలో పాల్గొన్నాడో చెప్పే క్లాస్పులు. 1908 నాటి ఇండియన్ జనరల్ సర్వీస్ మెడల్ మీద ఇలాంటి పట్టీలు 12 రకాలు రావచ్చు. పతకం ఒకటే, వెనక జమ్రూద్ కోట బొమ్మ. లండను టంకశాల, కలకత్తా టంకశాల రెండూ కొట్టాయి, వేలాడదీసే కొక్కెం తీరులో తేడా ఉంటుంది. వజీరిస్తాన్ పట్టీలు విరివిగా దొరుకుతాయి. "మలబార్ 1921-22" పట్టీ అరుదు, ఎందుకంటే మాప్పిళ్ళ తిరుగుబాటు అణచడానికి వెళ్ళిన పటాలాలు కొన్నే. వాటిలో 64 పయనీర్లు, 83 వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫంట్రీ మద్రాసు వరసవి. అరుదైన పట్టీ ఎక్కిస్తే ధర పెరుగుతుంది కాబట్టి ఎక్కించేవాళ్ళూ ఉంటారు. పట్టీ నిజమా కాదా అని తేల్చేది భూతద్దం కాదు, పతకాల జాబితా. లండనులోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో ఆ జాబితాలున్నాయి. అంచు మీది పటాలం ఆ యుద్ధానికి వెళ్ళిందా లేదా అన్నది మొదటి చెక్. అది ఇంట్లో కూర్చుని కూడా చెయ్యొచ్చు.

రిబ్బను మీద మాత్రం ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. పట్టు రిబ్బను చీకిపోతుంది, ఇంట్లోవాళ్ళే కొత్తది మార్చి ఉండొచ్చు. అతినీలలోహిత దీపం కింద తెల్లగా మెరిసిందంటే మొదటి యుద్ధం నాటిది కాదని అర్థం. బట్టకి ఆ మెరుపు రసాయనాలు వాడటం తర్వాతి కాలంలో వచ్చింది. రిబ్బను కొత్తదైతే పతకం దొంగదని కాదు, రిబ్బను కొత్తదని, అంతే.

ఇంతకీ ధర ఎలా కడతారు? లోహం చివరి లెక్క. ముందు మనిషి, తర్వాత అతని పటాలం, అది ఏ రోజు ఎక్కడుంది, పతకాలన్నీ కలిసే ఉన్నాయా విడిపోయాయా, కాగితాలున్నాయా, పేరు అసలుదేనా. ఒక సిపాయి మూడు పతకాలూ, డిశ్చార్జి కాగితం, ఒక ఫోటో కలిసి దొరికితే ఆ మొత్తం విలువ విడివిడి ముక్కల మొత్తం కన్నా చాలా ఎక్కువ. విడగొట్టి అమ్మే దళారి పది రూపాయలు ఎక్కువ వస్తాయని జాయిన్ కండిషన్ తీసేసి టేబుళ్ళు విడివిడిగా అమ్ముతున్నాడన్నమాట. తిరిగి కలపడం దాదాపు అసాధ్యం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైనికులకి పతకాలు పేరు కొట్టకుండా ఇచ్చారు. అవి చవగ్గా దొరకడానికి అదొక ముఖ్య కారణం. బొమ్మా లోహమూ బాగానే ఉంటాయి, ఎవరిదో తెలీదు. పేరుకున్న విలువేంటో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. రెండో కొసన విక్టోరియా క్రాస్ ఉంది. అది మామూలు కంచు, తూకానికేస్తే టీ ఖర్చులకి కూడా రాదు. వేలంలో మాత్రం లక్షల పౌండ్లు పలుకుతుంది. దానికీ వెనక పేరూ తేదీ ఉంటాయి కాబట్టే.

ఇక నాకు బాధ కలిగించే విషయానికొస్తాను. వెండి వార్ మెడల్లో సుమారు ఒక ఔన్సు వెండి ఉంటుంది. 1980 జనవరిలో హంట్ సోదరుల వ్యవహారంతో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా పోయింది. అప్పుడు ఇంగ్లండులో ఈ పతకాలని గంపగుత్తగా కరిగించారు. పతకంగా వచ్చే డబ్బు కన్నా వెండిగా వచ్చేది ఎక్కువైంది మరి. ఇవాళ జత లేని విక్టరీ మెడల్స్ అన్ని కనబడటానికి ఇదొక కారణం. అన్నని కరిగించి తమ్ముణ్ణి వదిలేశారు. 2025 అక్టోబర్లో వెండి మళ్ళీ ఆ 50 డాలర్ల గీత దాటింది. మన దగ్గర వెండి ఎప్పుడూ వెండే. పాత వెండి ఇచ్చి కొత్త పట్టీలో, కుంకుమ భరిణో తెచ్చుకోవడం మనకి తరతరాల అలవాటు. కంసాలి అంచు చదవడు, చదవాల్సిన పని అతనికి లేదు. ఇంట్లోవాళ్ళకి ఇంగ్లీషు అక్షరాలు కనబడినా "అదేదో నంబరు" అనుకుంటారు.

"పోతే పోయింది, ఒక బిళ్ళేగా, పేరు ఇంకెక్కడో రాసే ఉంటారుగా" అని మీరనొచ్చు. అదే చూద్దాం.

మెసపొటేమియాలో చనిపోయి సమాధి దొరకనివాళ్ళ కోసం బస్రాలో 1929లో ఒక స్మారకం కట్టారు. అది 40 వేల మందికి పైగా సైనికులది. బ్రిటిష్ వాళ్ళ పేర్లు చెక్కారు. భారత అధికారుల పేర్లు చెక్కారు. భారత సిపాయిలకి వచ్చేసరికి పటాలం పేరు కింద ఒక సంఖ్య వేశారు. ఫలానా పటాలం, ఇంతమంది. ఫ్రాన్సులోని న్యూవ్ షపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కినవాళ్ళే ఇక్కడ ఈ పని చేశారు. ఐరోపాలో చస్తే పేరు, ఎడారిలో చస్తే అంకె. 1931లో పూర్తయిన ఇండియా గేట్ 70 వేల మందికి పైగా సైనికుల స్మారకం. దాని మీద చెక్కిన పేర్లు 13 వేల పైచిలుకు. మన దేశంలో చాలా ఊళ్ళల్లో ఆ యుద్ధం తర్వాత రాతి పలకలు పెట్టారు. ఈ ఊరినుంచి ఇంతమంది వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది. మళ్ళీ అంకెలే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అనే ఊరు, అక్కడ తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్న కుటుంబాలున్నాయి కాబట్టి పేర్లు మనుషుల నోళ్ళల్లో బతికున్నాయి. అలాంటి ఊళ్ళు ఎన్నుంటాయి?

యుద్ధ సమాధులు చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో స్వయంగా ఒక నివేదిక ఇచ్చి క్షమాపణ చెప్పింది. మొదటి యుద్ధంలో చనిపోయిన భారతీయులు, ఆఫ్రికన్లు తదితరుల్లో 45 వేల నుంచి 54 వేల మందిని మిగతావాళ్ళతో సమానంగా స్మరించలేదనీ, కనీసం ఇంకో 1,16,000 మందికి పేరుతో స్మరణ లేదు, లేదా అసలే లేదనీ ఒప్పుకుంది. వందేళ్ళ తర్వాత.

రాయి మీద పేరు వెయ్యనివాళ్ళు, లెక్కలు పక్కాగా ఉండాలి కాబట్టి పతకం అంచు మీద మాత్రం వేశారు. అది గౌరవం కోసం కాదు, ఎవరికి ముట్టిందో తెలియాలని. గుమాస్తా పని అనుకోండి. కానీ ఆ గుమాస్తా పని వల్లే ఒక సిపాయి పేరు లోహంలో మిగిలింది. చాలా ఊళ్ళల్లో అది ఆ మనిషి గురించి మిగిలిన ఒకే ఒక్క రాత కావచ్చు. దాన్ని కరిగించడమంటే బ్యాకప్ లేని సర్వర్లో డిలీట్ కొట్టడమే. రోల్‌బ్యాక్ ఉండదు.

రాతలు బయటపడితే ఏమవుతుందో ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. లాహోర్ మ్యూజియంలో మొదటి యుద్ధం నాటి పంజాబు రిజిస్టర్లు దాదాపు వందేళ్ళు ఎవరూ చూడకుండా ఉండిపోయాయి. వాటిలో 3,20,000 మంది సైనికుల వివరాలు ఊరి పేర్లతో సహా ఉన్నాయి. 2021లో యూకే పంజాబ్ హెరిటేజ్ అసోసియేషన్, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని కంప్యూటర్‌కి ఎక్కించి వెబ్‌సైట్లో పెట్టడం మొదలుపెట్టాయి. బ్రిటన్‌లో ఉంటున్న పంజాబీలు తమ ఊరి పేరు కొట్టి ముత్తాతలని వెతుక్కున్నారు. చేసిందంతా కలిపి చూస్తే స్కానింగు, డేటా ఎంట్రీ, ఒక సెర్చి పెట్టె. మనం రోజూ చేసే పనే.

కాబట్టి మీ ఇంట్లో, మీ అమ్మమ్మగారి ఊళ్ళో, పాత ట్రంకు పెట్టెలో ఇలాంటిది ఉంటే నాలుగు పనులు చెయ్యండి. మొదటిది, తోమకండి. చింతపండు వద్దు, పీతాంబరి అసలే వద్దు. ఆ నల్లదనం మురికి కాదు, అదే దానికి కవచం. తోమితే ముందు అరిగేది అంచు మీది అక్షరాలే. రెండోది, అంచు చుట్టూ నాలుగు ఫోటోలు తియ్యండి, పక్కనుంచి వెలుతురు పడేలా. పేరు, నంబరు, పటాలం రాసుకుని ఇంట్లో ఇద్దరు ముగ్గురికి పంపండి. పతకం పోయినా డేటా మిగులుతుంది. మూడోది, చనిపోయినవాళ్ళదైతే వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో ఉచితంగా వెతకొచ్చు, కొన్నిసార్లు తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. నాలుగోది, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఆ మనిషి గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టండి. ఆ పేరుకి ఊరూ ఇంటిపేరూ కలపగలిగేది వాళ్ళే. వాళ్ళ తర్వాత ఆ జాయిన్ ఇంకెవరూ చెయ్యలేరు.

అమ్మాలనుకుంటే అమ్ముకోవచ్చు, తప్పేం కాదు. కష్టంలో ఉన్నవాళ్ళకి నీతులు చెప్పడం నా పని కాదు. కానీ తూకానికి మాత్రం అమ్మకండి, కాగితాలు విడదీసి అమ్మకండి. ఇంకొక్క మాట. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన, చారిత్రక ప్రాముఖ్యం ఉన్న వస్తువుని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. మొదటి యుద్ధం పతకాలు ఆ వందేళ్ళ గీత దాటేశాయి. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సిల్ చేసేముందు, ఆన్‌లైన్లో విదేశీ కొనుగోలుదారుకి అమ్మేముందు పురావస్తు శాఖ వాళ్ళని అడిగి తెలుసుకోండి.

వేరే దేశపు రాజు కోసం కొట్లాడి తెచ్చుకున్న బిళ్ళని ఇంత పట్టించుకోవాలా అనేవాళ్ళు ఉన్నారు, ఆ వాదన నాకు అర్థమవుతుంది. ఆ యుద్ధాలు మనవి కావు. మలబార్ పట్టీ లాంటివైతే మన జనం మీద మన సిపాయిలనే ప్రయోగించిన గుర్తులు. అందుకే వాటిని పూజగదిలో పెట్టమని నేననడం లేదు. బొమ్మలున్న రెండు వైపులూ సామ్రాజ్యానివి, వాటిని మెచ్చుకోవక్కర్లేదు. అంచు మాత్రం మనది. నెలకి పదకొండు రూపాయల జీతం మీద సముద్రం దాటిన ఒక మనిషి పేరు అక్కడుంది. ఆ పేరుని కనీసం ఒకసారి చదివి, ఎక్కడైనా రాసిపెట్టి, ఆ తర్వాతే మిగతా లెక్కలు చూసుకుందాం.